గంగపాలైన హాజరు పుస్తకం

మా పెద్దమ్మ మీద నా కోపానికి ఇప్పుడు దాదాపు ఇరవై ఏళ్లు. ఓటు హక్కు వచ్చి, దాని మానాన అది బతకగలిగే వయసు. అయినా నన్ను వదిలిపెట్టి పోదు.

ఈమధ్య ఒకచోట ఒకావిడ నన్ను అడిగింది. బట్టల ముక్కలు, బొమ్మలు, సినిమా పోస్టర్లు, పుస్తకాల్లో నచ్చిన వాక్యాలు ఇంత ఓపిగ్గా ఏరి దాచుకుంటారు కదా, ఈ అలవాటు ఎలా మొదలైందని. నేను మొహానికి ఒక చిరునవ్వు అతికించుకుని, చిన్నప్పటి నుంచీ అందమంటే ఇష్టమని ఏదో చెప్పాను. ఇంటికొచ్చే దారంతా ఆ జవాబు మీద నాకే ఒళ్లు మండింది. ఎలా మొదలైందో ఎవరికి కావాలి? మొదటి పుస్తకం ఎలా మునిగిందో చెప్పాల్సింది.

మాది ములకలపల్లి. నాన్న కొత్తగూడెంలో బొగ్గుబావి కార్మికుడు. అక్కడే ఒక గదిలో ఉండి, వారానికోసారి సెలవు రోజున ఇంటికి వచ్చేవాడు. అమ్మ వసారాలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. నేను పాల్వంచలో డిగ్రీ చదివాను. చదివాననడం కన్నా మూడేళ్లు బస్సెక్కి దిగాననడం నిజం.

ఆ రోజుల్లో నాన్న ఒకసారి ఆఫీసులో పారేయబోతున్న పాత హాజరు పుస్తకం ఇంటికి తెచ్చాడు. ఎవరు పనికొచ్చారో ఎవరు రాలేదో గుర్తు పెట్టుకునే పుస్తకం. ఎర్ర అట్ట, ఒళ్లో పెట్టుకుంటే మోకాళ్లు దాటేంత పొడవు. సగానికి పైగా పేజీల్లో గళ్లు ఖాళీగానే ఉన్నాయి. ఆ గళ్లలో నేను నా ఇష్టాలకు హాజరు వేయడం మొదలుపెట్టాను.

మంగలి షాపులో నెల దాటిన సినిమా వారపత్రికలు దొరికేవి. మా పాత టీచరు గారింట్లో ఆదివారం అనుబంధాలు ఇచ్చేవారు. మిగతావి మిర్చిబజ్జీల పొట్లాలు. పొట్లం మీద బొమ్మ సగమే ఉంటే, మిగతా సగం కోసం ఇంకో రెండు బజ్జీలు కట్టమనేదాన్ని. నా కళాదృష్టి చాలావరకు నూనెలో తడిసి పెరిగిందే. సినిమా హాలు గోడకు ఒకదాని మీద ఒకటి అంటించిన పోస్టర్లు వానకు ఊడివస్తే, ఆ పొరలు కూడా తెచ్చుకునేదాన్ని. ఒక హీరో మొహం చిరిగిన చోట కిందటి సినిమా హీరోయిన్ కన్ను కనిపించేది. కావాలని ఎవరు వేసినా అలాంటి బొమ్మ రాదు. గ్రంథాలయం పుస్తకాల్లోంచి వాక్యాలు మాత్రం చేత్తోనే రాసుకునేదాన్ని. నీతి కాదు, చించే ధైర్యం లేదు.

"కలెక్షన్ చేసేటోళ్లే గద కలెక్టర్లు," అని నాన్న నన్ను కలెక్టరమ్మా అని పిలిచేవాడు. ఆ ఉద్యోగానికి నేను అంతకన్నా దగ్గరికి ఎప్పుడూ పోలేదు.

అయితే ఏది పడితే అది అతికించేదాన్ని కాదు. దొరికిన బొమ్మ వారం రోజులు దిండు కింద ఉండాలి. వారం తర్వాత కూడా నచ్చితేనే పుస్తకంలోకి. దేని పక్కన ఏది ఉండాలన్నది ఇంకా పెద్ద పని. క్యాలెండర్‌లోని లక్ష్మీదేవి చీర కుచ్చిళ్లు చూడండి, ఆ బొమ్మ వేసినాయనకు గుడ్డ ఎలా పడుతుందో, ఎక్కడ బరువెక్కుతుందో ఎంత బాగా తెలుసో. దానికి ఎదురు పేజీలో వానపాటలో తడిసిన ఒక హీరోయిన్‌ను పెట్టాను. పొడి చీర మడత ఒకవైపు, తడి చీర మడత ఒకవైపు. ఇంకో పేజీలో, అడవి ఊళ్ల నుంచి అంగడికి వచ్చే కోయ ఆడవాళ్లు పని మీద నడవడానికి వీలుగా కొంగును నడుం చుట్టూ తిప్పి బిగించే తీరును పెన్సిల్‌తో వేసుకుని, కింద ఒక నవలలోంచి నడక గురించిన వాక్యం రాసుకున్నాను. మొట్టమొదటి పేజీలో పర్ణశాల దగ్గర బండల మీద కనిపించే చారలు గీసుకున్నాను. సీతమ్మ చీరలారేసిన గుర్తులంటారు వాటిని. మా జిల్లాలో అంతకన్నా పాత ఫ్యాషన్ ఇంకేముందని నా ఉద్దేశం.

కాగితాలన్నీ మైదా జిగురుతో అతికించేదాన్ని. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం. అమ్మ మిషన్ కింద రాలిన గుడ్డ ముక్కలకు మాత్రం జిగురు పెట్టలేదు, మరక పడుతుందని. వాటిని కాగితానికి సన్నటి కుట్లతో కుట్టేదాన్ని. ఇంత చెప్పడం ఎందుకంటే ఇది తరవాత పనికొస్తుంది.

ఒక ఎండాకాలం హైదరాబాద్‌లో బట్టల డిజైన్ నేర్పే కాలేజీకి దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూకి రమ్మని కార్డు వచ్చింది. సోమవారం రావాలి, సొంతంగా చేసిన సేకరణ పుస్తకం వెంట తేవాలి, దాన్ని బట్టే సీటు. నా మార్కులు చూపించుకునేలా లేవు. నా ఇంగ్లిష్ వినిపించుకునేలా లేదు. ఉన్నదల్లా ఆ ఎర్ర అట్ట పుస్తకం ఒక్కటే. అక్కడ సీటు రాకపోతే నాకు ఇంకో సీటు తయారుగానే ఉంది. అమ్మ మిషన్ పక్కన స్టూలు. రెండో మిషన్ ఎక్కడ దొరుకుతుందో అమ్మ అప్పటికే వాకబు చేస్తోంది.

ఆ వారమే కారేపల్లి నుంచి మా పెద్దమ్మ వచ్చింది. అమ్మకు అక్క. మిర్చి పండించే మనిషి, కల్లంలో పదిమంది కూలీలను ఒక్క చూపుతో నడిపించగలదు. పర్ణశాల మొక్కుంది, మీ ఇంట్లో రెండ్రోజులుండి పోతానని కబురు పెట్టి, మూడు సంచులతో దిగింది. పెద్దమ్మ వచ్చిందంటే మా ఇల్లు దులుపుడే. కాళ్లు కడుక్కోకముందే కళ్లు బూజు వెతుకుతాయి.

గురువారం నేను సర్టిఫికెట్ల నకళ్ల మీద ఆఫీసరు సంతకాలు చేయించుకోవడానికి నాన్న దగ్గరికి కొత్తగూడెం వెళ్లి, ఆ పూట అక్కడే ఉండిపోయాను. శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇల్లు అద్దంలా మెరుస్తోంది. ట్రంకుపెట్టె మీద పుస్తకం లేదు. పెద్దమ్మ అప్పుడే పర్ణశాల నుంచి తిరిగొచ్చి, వసారాలో కాళ్లు చాపుకుని మజ్జిగ తాగుతోంది.

"పెద్దమ్మా, సందుగ మీద ఎర్ర అట్ట పుస్తకం ఉండాలె. ఏది?"

"దేవుని పటాలున్నదా బిడ్డా? గోదారిల ఇడిసిన," అంది, చెంబు దించకుండానే. "పాత క్యాలెండర్లతోని కలిపి పసుపు బట్టల కట్టి, కొబ్బరికాయ గొట్టి మంచిగ ఇడిసిన. రంది పడకు."

మావైపు చినిగిన దేవుడి పటాన్ని చెత్తలో వేయరు, పొయ్యిలో పెట్టరు, పాత పేపర్లవాడికి ఇవ్వరు. దాచిపెట్టి, ఎవరు గోదావరికి పోతే వాళ్లతో పంపి పారే నీళ్లలో విడిచిపెడతారు. ఇల్లు దులిపిన పెద్దమ్మకు ముందు నాలుగు పాత క్యాలెండర్లు దొరికాయి, తరవాత నా పుస్తకం. తెరిస్తే లక్ష్మీదేవి. నేను ఆ అమ్మవారిని పెట్టకపోయి ఉంటే పుస్తకం బజ్జీల బండికి చేరేది. బజ్జీలు తిని తిని అయినా పేజీ పేజీ వెనక్కి తెచ్చుకునేదాన్ని. దేవుడుండబట్టే గంగపాలైంది.

ఎందుకు ముట్టుకున్నావని అరిచాను. ఆమె నన్నే తప్పుపట్టింది. "అమ్మోరి ముంగట ఆ తడిబట్టల పిల్లను పెడ్తవా? బుక్కు మూసినప్పుడల్ల ఆళ్లిద్దరు మొకానికి మొకం ఆనిచ్చి పడుకుంటుండిరి. పాపం గాదె?"

తడి మడతకూ పొడి మడతకూ తేడా చూపించడానికి పెట్టానని ఆమెకు ఏ భాషలో చెప్పాలి? అమ్మ వైపు తిరిగాను. నువ్వెందుకు ఆపలేదని. అమ్మ మిషన్ మీంచి తల ఎత్తకుండా, నువ్వు సర్టిఫికెట్లన్నీ సంచిలో సర్దుకుని పోయావు కదా, అక్కరున్నదైతే దాన్నీ పట్టుకుపోయేదానివనుకున్నాను, అంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. సరైన సమాధానం విన్నంత మంట తప్పుడు సమాధానం వింటే రాదు. అమ్మ నిజంగా అలా అనుకుందా, స్టూలు ఖాళీగా ఉండకూడదనుకుందా అన్నది నేను ఇప్పటికీ అడగలేదు.

అప్పుడు నేను పెద్దమ్మను ఒక మాటన్నాను. "చదువు రాకపోతే రాకపాయె, అడగొద్దా? నీకు అక్షరమ్ముక్క రాకపోవుడు నా తప్పా?"

అమ్మ మిషన్ ఆగింది. పెద్దమ్మ చెంబు కింద పెట్టి మూతి తుడుచుకుంది.

"సదువు రాకనే గద బిడ్డా, అన్ని బొమ్మలు సూసింది. ఒక్కటి ఇడువకుంట సూసిన."

చూసి కూడా ముంచావా అని నా కోపం రెండింతలైంది. సోమవారం ఇంటర్వ్యూ అని, ఆ పుస్తకం లేకపోతే సీటు లేదని నాలుగోసారి చెప్పాక గానీ ఆమెకు విషయం అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా క్షమించమనలేదు. తెల్లారి పోదాం, విడిచిన చోటు చూపిస్తానంది.

శనివారం మొదటి బస్సుకు ఇద్దరం బయలుదేరాం. పాల్వంచలో దిగి ఒకటి, భద్రాచలంలో దిగి ఇంకొకటి. దారిలో ఆమె సంచిలోంచి తాటిముంజలు తీసి ఇస్తే వద్దన్నాను. మళ్లీ ఇచ్చింది, మళ్లీ వద్దన్నాను. పంతం కోపానికుంటుంది గానీ పొట్టకుండదు. మూడోసారి ఇచ్చినప్పుడు తిన్నాను. కోపంగానే తిన్నాను.

పర్ణశాల దగ్గర గోదావరి సగం ఇసుకే. నీళ్లు అవతలి ఒడ్డు పట్టుకుని సన్నగా పోతున్నాయి. పడవ నడిపే ఒకాయన ఒడ్డున కూర్చుని ఉంటే, నిన్న విడిచిన పుస్తకం భద్రాచలం దాటిపోయి ఉంటుందా అని అడిగాను. ఆయన నా మొహం చూసి, పెద్దమ్మ మొహం చూసి, ఎవరు విడిచారో ఎవరు ఏడుస్తున్నారో అర్థం చేసుకున్నాడు.

"ఎండకాలం గోదారమ్మ ఏం మోస్తదమ్మా? తనను తనే మోసుకోలేకున్నది. ఆ మలుపు కాడ చూడు, అందరి దేవుళ్లు ఆడనే ఉంటరు."

కాలే ఇసుకలో అరమైలు నడిచాం. మలుపులో మోకాటి లోతు మడుగు. అందులో అద్దాలు పగిలిన పటాల చట్రాలు, రంగు వెలిసిన క్యాలెండర్లు, దండలు ఊడిన దారాలు, కొబ్బరి చిప్పలు. మొక్కులన్నీ ముక్కలై చేరినట్టుంది. పెద్దమ్మ చీర ఎగ్గట్టి నాకన్నా ముందే దిగి, పసుపు మూట ఒకటి పైకి లాగింది.

మూట విప్పాను. పుస్తకం రెండింతలు లావెక్కి ఉంది, నా కోపంలాగే. మైదా జిగురంతా కరిగిపోయింది. హీరోయిన్లు లేరు, పోస్టర్ పొరలు లేవు, లక్ష్మీదేవి అసలే లేదు. నేను మూడేళ్లు రాసుకున్న వాక్యాలు సిరా మరకలై ఒకదాంట్లోకి ఒకటి పారాయి. పసుపు అంచుల నుంచి లోపలికి పాకింది. గళ్లు మాత్రం అలాగే ఉన్నాయి, వాటిల్లో హాజరు వేయడానికి ఎవరూ మిగల్లేదు. ఉన్నవి పెన్సిల్ గీతలు, నేను కుట్టిన గుడ్డ ముక్కలు. కుట్టు ఒక్కటి కూడా ఊడలేదు.

ఇందులో ఏదో నీతి ఉందని, అరువు తెచ్చుకున్నది పోయి చేత్తో చేసింది నిలిచిందని నాకు ఇప్పటిదాకా మా చుట్టాల్లోనే కనీసం ఐదుగురు చెప్పారు. ఆ ఐదుగురి ఇళ్లలోని పుస్తకాలను నీళ్లలో నానబెట్టి, తరవాత ఆ నీతి వాళ్లకే వినిపించాలని ఉంటుంది నాకు. పోయినవాటిని నేను ఏరడం కూడా నా చేతి పనే. వారం వారం దిండు కింద పెట్టి, ఎంచి, ఎదురెదురుగా పెట్టిన పని అది. ఆ మడుగు ఒడ్డున కూర్చుని నేను గోదావరిని కూడా తిట్టాను. పెద్దమ్మ చెంపలేసుకుంది, నా తరఫున.

ఈసారి కూడా ఆమె నన్నడగలేదు. పుస్తకం తీసుకెళ్లి చీర గుర్తులున్న బండల దగ్గర, చారలకు కొంచెం ఎడంగా, ఒక్కో కాగితాన్నీ విడదీసి పరిచింది. ఎగిరిపోకుండా ఒక్కో దాని మీద గులకరాయి. కల్లంలో మిర్చి ఆరబోసే మనిషి కదా, ఎండ ఎటు తిరిగితే అటు తిప్పుతూ, తడి ఉన్నవి పక్కకు తీస్తూ, సాయంత్రం దాకా నీడకు రాలేదు. నేను చెట్టు కింద కూర్చుని ఆమె వైపు కోపంగా చూస్తూ ఉన్నాను. ఒక్కసారి కూడా లేచి సాయం చేయలేదు.

యాత్రకొచ్చిన ఒకాయన బండల మీద చారలు చూసి దండం పెట్టి, నా గుడ్డ ముక్కలు చూసి ఆగాడు. ఇవి కూడా సీతమ్మవేనా అని పెద్దమ్మను అడిగాడు.

"కాదయ్యా, మా బిడ్డయి," అంది ఆమె. ఆయన ఎందుకైనా మంచిదని వాటికీ దండం పెట్టి పోయాడు.

ఆదివారం కాగితాలను మళ్లీ వరసగా పేర్చి దబ్బనంతో కుట్టాను. అట్ట వంకరపోయింది. పుస్తకం నది వాసన, పసుపు వాసన, కొంచెం కుళ్లిన పూల వాసన కొడుతోంది. సోమవారం హైదరాబాద్‌లో ఆ కాలేజీ వరండాలో నా చుట్టూ ఉన్న పిల్లల చేతుల్లో నల్లటి తళతళలాడే ఫైళ్లు. నా పక్కన కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఇంకో కుర్చీకి మారింది. తప్పు ఆమెది కాదు, వాసనది.

లోపల బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ఉన్న మేడమ్ ముతక నూలు చీరలో, కళ్లద్దాలు ముక్కు చివరికి దించుకుని నా పుస్తకం తెరిచింది. ఒక పేజీ తిప్పి ఆగింది. రెండో పేజీ వేలితో తడిమింది. నేను జరిగిందంతా చెప్పడానికి రాత్రంతా వాక్యాలు కూర్చుకుని వచ్చాను. ఆమె అడిగింది అది కాదు.

"ఎంతసేపు నానబెట్టావ్ దీన్ని?"

"ఒక రోజు మేడమ్."

"మామూలు నీళ్లేనా?"

"గోదావరి మేడమ్."

"మరి ఈ పసుపు?"

"మావైపు నదికి ఇచ్చేటప్పుడు పెడతారు మేడమ్."

ఆమె పక్కనున్నాయనకు పుస్తకం చూపించి, చూశారా, హాజరు గళ్లలో బొమ్మలు లేని ఖాళీలు, జిగురు ఆనవాలు మాత్రం వదిలింది, ఏం కాన్సెప్ట్, అంది. మిగతావాళ్లంతా పత్రికలు కత్తిరించి అతికించుకొచ్చారని, ఈ పిల్ల ఒక్కతే కాగితాన్ని ఆలోచించేలా చేసిందని అంది. తరవాత నా వైపు తిరిగింది.

"కావాలనే చేశావు కదా ఇదంతా?"

స్టూలు కళ్ల ముందు కనిపించింది. దాని నాలుగు కాళ్లూ కనిపించాయి.

"అవును మేడమ్," అన్నాను.

సీటు వచ్చింది. మూడేళ్లు చదివాను. ఇప్పుడు ఎంచి దాచుకోవడమే నా వృత్తి. సినిమాలకు, నాటకాలకు బట్టలు కుదిర్చేవాళ్లు నా పుస్తకాలు చూడటానికి వస్తారు. ఆ మూడేళ్లలో ఆ మేడమ్ ప్రతి కొత్త తరగతికీ నా తడిసిన పుస్తకం చూపించి, సాహసమంటే ఇదీ అని చెప్పేది. నేను వెనక బెంచీలో తలొంచుకునేదాన్ని. వినయమనుకునేవారు. నేను మూడేళ్లు ఎంచి కూర్చిన పుస్తకాన్ని ఒక్కరూ చూడలేదు. చూసి మెచ్చుకున్నదంతా పెద్దమ్మ ఒక్క పూటలో చేసింది. సీటు నాది, పని ఆమెది, అబద్ధం మళ్లీ నాది.

అది చాలదన్నట్టు, ఆమె కారేపల్లిలో చెప్పుకున్న కథ ఒకటుంది. బిడ్డ పుస్తకాన్ని గోదారమ్మకు చూపించి తెచ్చాను, అందుకే సీటొచ్చింది. మిర్చి ఏరేవాళ్లకు, రైల్లో పక్కన కూర్చున్నవాళ్లకు, అందరికీ చెప్పింది. నాకు ఒళ్లు మండేది ఆమె గొప్పలకు కాదు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, అందుకు. కాదనాలంటే ముందు నేను ఆ బల్ల ముందు ఏమన్నానో చెప్పాలి. ఇంతవరకు చెప్పలేదు. ఇదే మొదటిసారి.

మొన్న మా ఇంటికి వచ్చింది. నడుం వంగింది గానీ బూజు వెతికే కళ్లు వంగలేదు. అలమరలో నా పుస్తకాలు పన్నెండూ కింద పెట్టించుకుని, ఒక్కటి విడవకుండా పేజీ పేజీ చూసింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను, కాపలాగా.

"ఏందే, ఇన్ని బుక్కుల్ల ఒక్క దేవుడన్న లేడు?" అంది.

"నువ్వుంటివి గద. అందుకే పెట్టలే," అన్నాను.

"అవ్, పెట్టకు," అంది పుస్తకం మూస్తూ. "మళ్ల ఆ ఇసుకల నడిసే ఓపిక నాకు లేదు."